బండి మీద ఉండగానే వీడియో తియ్యి, ఆ తరవాతే విప్పు

ప్రశ్న: అన్నా, మాది విజయవాడ. 2018లో స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ కొత్తది కొన్నాను, ఇప్పటికి 71,000 కిలోమీటర్లు తిరిగింది. 34,000 దగ్గర కంపెనీ టర్బో (ఇంజన్‌లోకి గాలి నెట్టే భాగం) తీసి పెద్దదైన ఐఎస్38 టర్బో, క్యాట్ (పొగను శుభ్రం చేసే భాగం) లేని 3 అంగుళాల డౌన్‌పైప్ (టర్బో నుంచి పొగను తీసుకెళ్లే పైపు), దాని తరవాత చివరిదాకా స్టెయిన్‌లెస్ స్టీల్ క్యాట్‌బ్యాక్ ఎగ్జాస్ట్, చల్లగాలి లాగే కోల్డ్ ఎయిర్ ఇంటేక్ వేయించి, ఇంజన్ సాఫ్ట్‌వేర్ మార్పించి ట్యూన్ చేయించాను. ఆగస్టులో కెనడా వెళ్తున్నా. బండి తీసుకునేవాళ్లు కంపెనీ నుంచి వచ్చినట్టే కావాలంటున్నారు. అప్పుడు విప్పిన స్టాక్ (కంపెనీ) సామానంతా మా మామయ్య వాళ్ల గోడౌన్‌లో ఉంది. బెంగళూరు నుంచి ఒకాయన టర్బో అడుగుతున్నాడు, ఆయనది 1.8 ఆక్టేవియా. ఆటోనగర్‌లో ఒకరు మిగతావేవీ వద్దు, కంపెనీ క్యాట్ ఒక్కటి ఇస్తే మంచి రేటిస్తా అంటున్నారు. నాన్న అయితే "అన్నీ కిలోల లెక్కన పడేసి రా, టెన్షన్ పోతుంది" అంటున్నారు. ధర ఎంత పెట్టాలి, ఎలా పంపాలి, అమ్మాక గొడవ వస్తే ఏం చేయాలి?

జవాబు: తమ్ముడూ, మీ నాన్నగారి మాటతోనే మొదలుపెడతా. గోడౌన్‌లో నల్లగా మసిపట్టిన పైపులు చూస్తే ఏ పెద్దాయనైనా అదే అంటారు. ఆటోనగర్‌ను నేను తక్కువ చేయను, చచ్చిపోయిందనుకున్న లారీ ఇంజన్‌ను బతికించే చేతులు అక్కడున్నాయి. కానీ కాటా మీద పెట్టాక నీ టర్బోకూ పక్కనున్న పాత సైలెన్సర్‌కూ తేడా ఉండదు. నువ్వు పెట్టిన డబ్బులో చెప్పుకోదగ్గ భాగం వెనక్కి వస్తుంది, కాస్త ఓపిక పడితే.

ఇలాంటి సామాను కొనేవాడి బాధేంటంటే, లోపల ఏముందో వాడికి కనపడదు. పైకి నిగనిగలాడే టర్బో రెండో రోజే పొగ కక్కొచ్చు. అందుకని వాడు ఆ పార్టు ఎలా బతికిందో నువ్వు చెప్పే మాట విని, దానికి నువ్వు చూపించే రుజువు చూసి డబ్బులిస్తాడు. ఆ రుజువు దొరికేది పార్టు బండి మీద ఉన్నప్పుడే. విప్పి బల్ల మీద పెట్టాక ఎంత మంచి ఫొటో తీసినా అది ఒక లోహపు ముక్క ఫొటోనే. చాలామంది ముందు విప్పేసి, తుడిచి, మెరుగుపెట్టి, అప్పుడు ఫొటోలు తీసి, ధర దగ్గర అరగంట వాదించి చివరికి సగానికి ఇచ్చేస్తారు. నువ్వింకా విప్పలేదు కాబట్టి నీ అదృష్టం బావుంది.

రేపు పొద్దున్నే బండి చల్లగా ఉన్నప్పుడు ఫోన్ తీసుకుని కిందికి వెళ్లు. ఓడోమీటర్ చూపిస్తూ మొదలుపెట్టి, స్టార్ట్ చేసి, వెనక్కి నడిచి ఎగ్జాస్ట్ చివర దగ్గర ఒక నిమిషం నిలబడు, మధ్యలో ఎక్కడా కట్ చేయకు. నీలం పొగ లేదని కనపడాలి, టర్బో వైపు నుంచి గలగల చప్పుడు లేదని వినపడాలి. ఇంజన్ వేడెక్కాక మళ్లీ ఒకసారి తియ్యి, ఐడిల్‌లో, 3,000 ఆర్‌పీఎం దగ్గర. తరవాత నీ ట్యూనర్‌ను పిలిచి బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) అడిగినంత వస్తోందా లేదా అని లాగ్ (కంప్యూటర్ రికార్డు) తీయించు, ఫాల్ట్ కోడ్లు స్కాన్ చేయించి ఆ తెర ఫొటో తీసి పెట్టుకో. ఈ నాలుగూ ఉంటే చాలు, ఫోన్ చేసేవాళ్లలో ఊరికే టైంపాస్‌గా అడిగేవాళ్లు సగం మంది వాళ్లంతట వాళ్లే తప్పుకుంటారు, మిగిలినవాళ్లు సీరియస్‌గా మాట్లాడతారు.

ఇంకో మాట, ఇది తప్పకుండా పాటించు. బండి మళ్లీ స్టాక్‌లోకి వచ్చి, 200, 300 కిలోమీటర్లు ఏ లైటూ వెలగకుండా తిరిగేదాకా ఎవరి దగ్గరా ఒక్క రూపాయి అడ్వాన్సు తీసుకోకు. కారణం ఏంటంటే నీ కంపెనీ టర్బో, అదే ఐఎస్20, ఏళ్ల తరబడి గోడౌన్‌లో ఉంది. విజయవాడ ఉక్కపోత నీకు తెలిసిందే. ఆయిల్ పోర్టులకు మూతలు పెట్టకుండా అలాగే అట్టపెట్టెలో వేసి ఉంటే లోపల దుమ్ము చేరి ఉండొచ్చు, వేస్ట్‌గేట్ (టర్బోకు ఎక్కువైన పొగను పక్కకు వదిలే చిన్న తలుపు) పట్టేసి ఉండొచ్చు. ఐఎస్38 అమ్మేసిన తరవాత ఆ సంగతి తెలిస్తే బండి లిఫ్ట్ మీద ఉంటుంది, నువ్వు టర్బో కోసం ఊరూరా ఫోన్లు చేస్తుంటావు, అవతల కెనడా తేదీ దగ్గర పడుతుంటుంది. మార్చేటప్పుడు టర్బో ఇంజన్ హెడ్‌కు తగిలేచోట గ్యాస్కెట్, ఆయిల్ లైన్ల సీళ్లు, నట్లు కొత్తవి తెప్పించు. ఈ ఇంజన్‌లో ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (సిలిండర్ల పొగంతా ఒకచోటికి చేర్చే గొట్టం) హెడ్‌లోనే కలిసి ఉంటుంది, టర్బో నేరుగా హెడ్‌కే బిగుస్తుంది, అక్కడ పాత నట్టు వాడి లీకు తెచ్చుకుంటే మళ్లీ పనంతా మొదటికి వస్తుంది. టర్బో మార్చిన వెంటనే స్టాక్ సాఫ్ట్‌వేర్ కూడా ఎక్కించాలి. ఐఎస్38 కోసం రాసిన మ్యాప్‌తో (ట్యూన్ సాఫ్ట్‌వేర్‌తో) ఐఎస్20ని రోడ్డు మీద తిప్పకు, ఇంటిదాకానే కదా అని కూడా వద్దు.

టర్బో విప్పాక చూడాల్సింది ఎక్కువ లేదు గానీ దగ్గరగా చూడాలి. కంప్రెసర్ చక్రం (గాలి నెట్టే చక్రం) మధ్య నట్టును రెండు వేళ్లతో పట్టుకుని పక్కలకు కదిపితే కొద్దిగా కదులుతుంది, అది మామూలే, లోపలి బేరింగు ఆయిల్ పొర మీద తేలేలా చేసిందే. అదే నట్టును ముందుకీ వెనక్కీ లాగినప్పుడు టక్‌మని కదలిక తగిలితే అది మామూలు కాదు. చక్రం రెక్కల అంచులు ఒక్కొక్కటీ టార్చి వెలుగులో చూడు, ఇసుకరేణువంత గాటు ఉన్నా ఫొటోలో కనపడేలా తియ్యి. రెక్కలు గోడకు రాసుకున్న గీత ఉందా, వేడి వైపు తడి ఆయిల్ ఉందా చూడు. తరవాత కేసింగ్ మీద పార్ట్ నంబరు, చివరి అక్షరంతో సహా స్పష్టంగా ఫొటో తియ్యి. మొదట్లో వచ్చిన ఐఎస్38లు కొన్ని షాఫ్ట్ దగ్గర పోయేవి, తరవాత రివిజన్లు మారాయి, తెలిసిన కొనుగోలుదారు మొదట అడిగేది ఆ అక్షరమే. నీళ్ల ప్రెషర్‌తో మాత్రం కడగొద్దు. పైన బట్టతో తుడిచి, ఆయిల్, కూలెంట్ రంధ్రాలన్నిటికీ మూతలు పెట్టి వదిలేయ్. ఎత్తేటప్పుడు యాక్చువేటర్ రాడ్ (వేస్ట్‌గేట్‌ను కదిపే కడ్డీ) పట్టుకుని ఎత్తకు, అది వంగితే వేస్ట్‌గేట్ సెట్టింగ్ పోతుంది.

ఇక్కడ నా సంగతొకటి చెప్పాలి. చాలాకాలం కింద నేనొక డౌన్‌పైప్ అమ్మాను. లాంబ్డా సెన్సర్ (పొగలో ఆక్సిజన్ కొలిచేది) బిగించే చోట మొదటి రెండు మరలు అరిగిపోయి ఉన్నాయి. నాకు తెలుసు. లోపలి మరలు బాగానే ఉన్నాయి కదా, బిగుసుకుంటుంది కదా అని చెప్పలేదు. కొన్నవాడు కర్నూలు నుంచి, చదువుకుంటూ పార్ట్ టైం పని చేసుకునే కుర్రాడు. వాళ్ల మెకానిక్ సెన్సర్‌ను అడ్డంగా ఎక్కించి బిగించాడు, సెన్సర్ పోయింది, అది బిగిసే మరల గూడు, అంటే బంగ్ కూడా పోయింది. ఆ పిల్లాడు నన్ను తిట్టలేదు. "అన్నా, ముందే చెప్పుంటే మరలు వేయించుకుని బిగించేవాళ్లం కదా" అన్నాడు, అంతే. సెన్సర్ డబ్బులు, వెల్డింగ్ డబ్బులు పంపాను గానీ ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. అప్పటి నుంచి నా పద్ధతి ఒకటే, లోపం ఫొటోనే మొదటి ఫొటో. గీతలు, చిట్లిన వెల్డింగ్, లేని క్లాంపు, అన్నీ ముందే. నీ డౌన్‌పైప్‌లో కూడా ఫ్లెక్స్ జాలీ చుట్టూ, టర్బోకు బిగిసే వీ-బ్యాండ్ క్లాంపు అంచు దగ్గర, సెన్సర్ మరల దగ్గర చూడు. పోయేవి అవే.

బెంగళూరు ఆయన సంగతి. ఆయనది 1.8 అన్నావు. టర్బో ఆ ఇంజన్‌కు బిగుస్తుంది, ఆ మాట నిజమే, చాలామంది వేయించుకుంటారు కూడా. కానీ మన దేశంలో అమ్మిన 1.8 ఆక్టేవియాకు ఉన్నది డ్రై క్లచ్ 7 గేర్ల డీఎస్‌జీ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్), దాన్ని తయారుచేసిందే 250 న్యూటన్ మీటర్ల టార్క్ (ఇంజన్ తిప్పే బలం) కోసం, కంపెనీ ఆ ఇంజన్‌ను 250 దగ్గర ఆపింది కూడా అందుకే. నీ ఆర్‌ఎస్‌లో ఉన్నది వెట్ క్లచ్ 6 గేర్లది, కంపెనీ టార్కే 350. ఐఎస్38 సరిగ్గా ట్యూన్ చేస్తే 400 దాటిపోతుంది. ఆయన ఆ గేర్‌బాక్స్ మీద ఈ టర్బో పెడితే క్లచ్ ఎన్నాళ్లుంటుందో నువ్వే ఆలోచించు. ఆయనకు ఈ విషయం తెలిసుండొచ్చు, తెలియకపోయీ ఉండొచ్చు. "మీ గేర్‌బాక్స్ సంగతి మీ ట్యూనర్‌తో మాట్లాడారా" అని నువ్వే అడుగు. దీనికి సరిపడే మ్యాప్ విడిగా చేయించుకోవాలనీ, నీ ట్యూన్ ఈ టర్బోతో పాటు రాదనీ కూడా చెప్పు. అప్పుడు ఆయన వెనక్కి తగ్గితే తగ్గనీ. ఆర్‌ఎస్ ఉన్నవాళ్లు మన దేశంలో తక్కువే, 2020లో వచ్చిన 245 మోడల్ అయితే మొత్తం 200 బళ్లే, కానీ వాళ్లలో వాళ్లకు బాగా పరిచయాలుంటాయి, నీ ట్యూనర్ నాలుగు ఫోన్లు చేస్తే ఆ మాట అందరికీ చేరుతుంది. రెండు వారాలు ఆలస్యమైనా సరైన బండికి అమ్మడమే నాకిష్టం.

డౌన్‌పైప్ విషయంలో నేను కొంచెం గట్టిగానే చెబుతా, ఏమనుకోకు. క్యాట్ లేని పైపు రోడ్డు బండికి చట్టప్రకారం కుదరదు. మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణ తరవాత, అనుమతి లేకుండా బండిని మార్చిన యజమానికి సెక్షన్ 182ఎ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, 6 నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. శబ్దం, కాలుష్యం పరిమితులు దాటిన బండి నడిపితే సెక్షన్ 190 కింద 10,000 దాకా జరిమానా, 3 నెలలు లైసెన్సు పోవడం వేరే. అదే ఏడాది జనవరిలో సుప్రీంకోర్టు కూడా కంపెనీ ఇచ్చిన రూపానికి భిన్నంగా బండిని మార్చకూడదనే చెప్పింది. మన ఊళ్లలో పోలీసులు సైలెన్సర్లు వరసగా పేర్చి రోడ్డు రోలర్ ఎక్కించడం నువ్వూ చూసే ఉంటావు. ఇవన్నీ పక్కన పెట్టినా, ఆ పొగ పీల్చేది వెనక స్కూటర్ మీద పిల్లల్ని ఎక్కించుకుని వెళ్తున్నవాళ్లు. కాబట్టి ఆ పైపును ట్రాక్ బండి ఉన్నవాళ్లకే అమ్ము. కోయంబత్తూరు కారి స్పీడ్‌వే, చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌లకు వెళ్లేవాళ్లు నీ ట్యూనర్‌కు తెలిసే ఉంటారు. రసీదులో "ట్రాక్ వాడకానికి మాత్రమే" అని రాయి. అలాంటివాళ్లు దొరక్కపోతే దాన్ని మాత్రం నిజంగానే మీ నాన్నగారు చెప్పినట్టు కిలోల లెక్కన ఇచ్చేయ్, రెండు ముక్కలుగా కోయించి మరీ.

ఇక ఆటోనగర్‌లో క్యాట్ ఒక్కటే అడుగుతున్నవాళ్లు. వాళ్లిచ్చే రేటు పైన ఉన్న స్టీలుకు కాదు. లోపల తేనెపట్టులా ఉండే పింగాణీ దిమ్మకు పూత పూసి ప్లాటినం, పల్లాడియం, రోడియం ఉంటాయి, దాన్ని పగలగొట్టి ఆ లోహాలు తీస్తారు. నీకు ఈ రోజు ఆ డబ్బు బావున్నట్టే అనిపిస్తుంది. కానీ నీ బండి స్టాక్‌లోకి రావాలంటే వెళ్లాల్సింది ఆ క్యాటే. అది ఇచ్చేస్తే బండి కొనేవాళ్లకు నువ్విచ్చిన మాట పోతుంది, పొల్యూషన్ సర్టిఫికెట్ దగ్గర వాళ్లు ఇరుక్కుంటారు, కొత్తది కొనాలంటే ఆ రేటుకు ఎన్నో రెట్లు. కాబట్టి ఎంతిస్తానన్నా వద్దు.

క్యాట్‌బ్యాక్, ఇంటేక్ తేలికైనవి. స్టీలు 304 (మంచి స్టెయిన్‌లెస్ రకం) అని రాసే ముందు ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతం తీసుకుని పైపు తిన్నగా ఉన్న చోట పెట్టి చూడు. గట్టిగా అతుక్కుంటే అది 304 కాదు, 409 లాంటిదేదో అయ్యుంటుంది. వంపుల దగ్గర, వెల్డింగ్ దగ్గర కొద్దిగా లాగితే ఫర్వాలేదు. నీలం, బంగారు రంగు వేడి మరకల్ని తోమి తీసేయకు, బండి మీద నిజంగా వాడిన పైపు అలాగే ఉంటుంది. ఆర్‌ఎస్ వెనక బంపర్‌కు రెండు వైపులా కటింగ్ ఉంటుంది కాబట్టి మామూలు ఆక్టేవియావాళ్లు అడిగితే ఆ సంగతి ముందే చెప్పు, లేకపోతే ఇంటికి తీసుకెళ్లి పెట్టి చూశాక ఫోన్ వస్తుంది. ఇంటేక్‌కు క్లాంపులు, సిలికాన్ గొట్టాలు, బ్రాకెట్ బోల్టులు అన్నీ ఒక కవర్లో వేసి లెక్కపెట్టు, అంతకంటే చేసేదేం లేదు.

ధర అడిగావు. నేను వాడే లెక్క చెబుతా, ఇది నా అనుభవం మాత్రమే. ఈ రోజు అదే పార్టు కొత్తది షిప్పింగ్, కస్టమ్స్‌తో కలిపి ఇంటికి చేరేసరికి ఎంతవుతుందో చూడు, అప్పుడు నువ్వు కొన్న ధర కాదు. ఇంటేక్‌కు అందులో 60 శాతం, ఎగ్జాస్ట్‌కు సగం, టర్బోకు 40 దగ్గర మొదలుపెట్టు. టర్బో మంచిదైనా తక్కువకే పోతుంది, లోపల ఏముందో అన్న భయానికి ఆ తగ్గింపు. ఫిట్టింగ్ కూలి, ట్యూనింగ్, డైనో (బండి పవర్ కొలిచే యంత్రం) ఖర్చులు అందులో కలపకు, అవి నువ్వు నడిపి ఆనందించినందుకు సరిపోయాయి. బిల్లులుంటే ఇంకో 5 శాతం ధైర్యంగా అడగొచ్చు. "లాస్ట్ ఎంత" అని మొదటి మెసేజ్‌లోనే అడిగేవాళ్లకు వీడియో పంపి ఊరుకో.

డబ్బు దగ్గర జాగ్రత్త. డబ్బు రావడానికి నువ్వు క్యూఆర్ స్కాన్ చేయనక్కర్లేదు, పిన్ కొట్టనక్కర్లేదు, ఎవరైనా అలా చెయ్యమంటే అది మోసమే, ఫోన్ పెట్టేయ్. ఆర్మీలో ఉన్నాను, బండి పంపిస్తాను, ముందు ఒక రూపాయి పంపి చూడండి అనే కథలు చాలామందిని ముంచాయి. పొరపాటున పోతే ఆలోచించకుండా 1930కి ఫోన్ చెయ్యి, ఎంత త్వరగా చేస్తే అంత మంచిది. దూరం వాళ్లయితే వీడియో కాల్‌లో పార్టు చూపించి, సగం అడ్వాన్సు, పార్సిల్ ఆఫీసులో బుక్ చేసిన రసీదు ఫొటో పంపాక మిగతా సగం, అది వచ్చాక వాళ్లు డెలివరీ తీసుకునేలా మాట్లాడుకో. దగ్గర వాళ్లయితే మీ మెకానిక్ షెడ్డుకే రమ్మను, ఇంటికి వద్దు.

పంపేటప్పుడు కొరియర్ కంటే ట్రాన్స్‌పోర్ట్ లారీ ఆఫీసో ఆర్టీసీ కార్గోనో నయం. ఎగ్జాస్ట్ పొడుగ్గా ఉంటుంది, చాలా కొరియర్లు పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగించి ఆ బరువుకు డబ్బు తీసుకుంటాయి, లోపల ఉన్న గాలికి కూడా నువ్వే కట్టాలి. టర్బోకు చెక్క పెట్టె కొట్టించు, థర్మాకోల్ ఒక్కటి చాలదు, అది పొడి పొడి అయిపోయి టర్బో పెట్టెలో దొర్లుతుంది. ఎగ్జాస్ట్ ఫ్లాంజీల (పైపులు కలిపే అంచుల) మీద ప్లైవుడ్ ముక్క పెట్టి బోల్టులు బిగించు, చివర్ల టిప్పులకు పాత దుప్పటి చుట్టి తాడు కట్టు. పెట్టెలో ఒక కాగితం మీద ఇది నా సొంత బండి నుంచి తీసిన వాడిన సామాను, ఫలానా ధరకు ఫలానా వారికి ఇచ్చాను అని రాసి, బండి ఆర్‌సీ జిరాక్స్ జత చెయ్యి, మధ్యలో ఎవరడిగినా దొంగసొత్తు అనుకోకుండా ఉంటుంది.

గొడవల సంగతి. తెల్లకాగితం మీద పార్ట్ నంబరు, తేదీ, సొమ్ము, తెలిసిన లోపాలు, "వీడియోలు చూసి, వాడిన పార్టు అని తెలిసి తీసుకున్నాను" అన్న వాక్యం, ఇద్దరి సంతకాలు. దూరం వాళ్లయితే అదే వాట్సాప్‌లో పంపి ఓకే అనిపించుకో. నేనైతే చేరిన 7 రోజుల్లోపు, బిగించక ముందు, నేను చెప్పని లోపం కనపడితే డబ్బు వాపసు అని రాసిస్తా. బిగించాక అయితే లేదు, ఎందుకంటే ఆయిల్ లైను శుభ్రం చేయకుండా బిగించి టర్బో పాడుచేసి నీ మీదికి తోసేవాళ్లుంటారు. తోసినా కోపంగా మాట్లాడకు, విప్పిన ఫొటోలు అడుగు, నీ ఫొటోలతో పోల్చు, తప్పు నీ వైపు ఉంటే ఇచ్చెయ్యి.

బండి కొనేవాళ్లకు కూడా ఇది ఇన్ని కిలోమీటర్లు పెద్ద టర్బో మీద, ట్యూన్ మీద తిరిగిందని నువ్వే చెప్పాలి. స్టాక్‌లోకి తెచ్చేశాక ఎవరికి తెలుస్తుందిలే అనిపిస్తుంది. ఆ క్లచ్‌లకు తెలుసు. డీఎస్‌జీ ఆయిల్ 60,000 దగ్గర మార్పించి ఉంటే ఆ బిల్లు చూపించు, మార్పించకపోతే నీ ఖర్చుతో మార్పించి ఇవ్వు.

ఈ ఆదివారం మీ నాన్నగారిని కూడా వెంటబెట్టుకుని గోడౌన్‌కి వెళ్లి ఆ ఐఎస్20 పెట్టె తెరువు. చక్రం వేలితో తోస్తే తేలిగ్గా తిరుగుతోందా, వేస్ట్‌గేట్ చెయ్యి కదులుతోందా చూసి నాకు రాయి. తిరక్కపోతే ఇప్పటిదాకా చెప్పిన లెక్కంతా మారుతుంది, ముందు దాని సంగతి చూద్దాం.